భువనగిరి గుట్ట, వాయిదా పడ్డ కచేరీ, ‘మా భూమి’

భువనగిరిలో ఆ లాడ్జి వాళ్ళు మమ్మల్ని అంతగా సతాయించకపోయి ఉంటే ఇదంతా రాసే ఓపిక నాకు ఉండేది కాదు. గుట్ట బాగుంది, తిండి బాగుంది, ఆదివారం చూసిన సినిమా ఇప్పటికీ మనసులో తిరుగుతూనే ఉంది. అయినా ఫోనులో నొక్కి ముందుగా డబ్బు కట్టిన రెండు చోట్లా దెబ్బ తిన్నామన్న ఉక్రోషమే అన్నిటికంటే ముందు కలంలోకి వస్తోంది.

మాది హనుమకొండ. ఫిబ్రవరిలో రెండో శనివారం సెలవు కలిసి రావడంతో ముగ్గురం బయలుదేరాం, ముగ్గురివీ మూడు కోరికలు. రోజూ పొద్దున్నే భద్రకాళి చెరువు కట్ట మీద గంటసేపు నడిచే మా ఆవిడకు భువనగిరి కోట ఎక్కాలని ఎన్నాళ్ళ నుంచో ఉంది. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న మా అమ్మాయికి శనివారం సాయంత్రం గచ్చిబౌలి వైపు ఒక మైదానంలో జరగబోయే సినీ సంగీత కచేరీ కావాలి. నాకేమో ఆదివారం మధ్యాహ్నం హైదరాబాదులో ఒక చిన్న హాలులో వేస్తున్న ‘మా భూమి’ని మళ్ళీ పెద్ద తెర మీద చూడాలని ఉంది. మూడూ ఒకే దారిలో కలిసి వస్తున్నాయి కాబట్టి శుక్రవారం రాత్రి భువనగిరిలో పడుకుని, తెల్లవారుజామున గుట్ట ఎక్కి దిగి, పగటికల్లా హైదరాబాదు చేరుకోవాలని అనుకున్నాం. యాదగిరిగుట్టలో దిగుదామని మొదట అనుకున్నాం గానీ, 2022 మార్చిలో ఆలయం పునర్నిర్మాణం పూర్తయి తెరిచినప్పటి నుంచి సెలవు రోజుల్లో అక్కడ గది దొరకడమే కష్టంగా ఉందని తెలిసినవాళ్ళు చెప్పడంతో మానుకున్నాం.

దారి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. నాలుగు వరుసల రహదారి, వంద కిలోమీటర్ల లోపు దూరం, జనగామలో ఆగి తాగిన మూడు చాయలు, ఒక ప్లేటు మిర్చి బజ్జీ కలిపి 85 రూపాయలు.

లాడ్జికి చేరేసరికి రాత్రి తొమ్మిదీ నలభై అయింది. వారం ముందే ఒక యాప్‌లో 1,386 రూపాయలు పూర్తిగా చెల్లించి ముగ్గురికి గది తీసుకున్నాను. కౌంటరు దగ్గర కూర్చున్న కుర్రవాడు నా ఫోనును చేతిలోకి తీసుకుని, బుకింగు నంబరును మూడుసార్లు చదివి, తన దగ్గర ఉన్న పొడుగాటి రిజిస్టరును తిరగేసి, “ఇది మాకు రాలే సార్” అన్నాడు. మేనేజరును పిలవమంటే లోపలి నుంచి లుంగీ సర్దుకుంటూ వచ్చిన పెద్దమనిషి ఫోను వైపు చూడనైనా చూడలేదు. “ఆ యాపోళ్లతోని మాకు తెగిపోయి ఆర్నెల్లయింది సార్. మీ పైసలు వాళ్ల కాడనే ఉన్నయి, మాకేం సంబంధం?” అన్నాడు. ఆరు నెలల క్రితం తెగిపోయిన సంబంధం మీద వారం క్రితం నా డబ్బు ఎలా తీసుకున్నారని అడిగితే, అది ఆ యాపునే అడగమన్నాడు. ఆ యాప్ పేరున్న బోర్డు మాత్రం లాడ్జి నెత్తిన ఎర్రగా వెలుగుతూనే ఉంది.

యాప్ వాళ్ళ సహాయ కేంద్రానికి ఫోను చేశాను. ఇరవై మూడు నిమిషాలు ఒకే సంగీతం వినిపించాక లైనులోకి వచ్చిన అమ్మాయి ఎంతో మర్యాదగా చెప్పిన మాట ఇది: మాకు గది ఇవ్వడానికి నిరాకరించినట్టు ఆ లాడ్జి వాళ్ళే ఈమెయిల్ పంపితే తప్ప డబ్బు వెనక్కి ఇచ్చే ప్రక్రియ మొదలుకాదట. దొంగతనం జరిగినట్టు దొంగ చేత రాయించుకుని రమ్మన్నట్టుంది. ఇదే ముక్కను మేనేజరుకు వినిపిస్తే ఆయన తాపీగా నవ్వి, గది ఖాళీగానే ఉందనీ, 2,200 నగదు ఇస్తే తాళం చేతికిస్తాననీ అన్నాడు. అంటే గది లేకపోవడం కాదు సమస్య, అదే గదిని మాకు రెండోసారి అమ్మడం ఆయన ఉద్దేశం. నేను పట్టుదలకు పోయేవాణ్ణే గానీ, మా ఆవిడ నా మోచేయి పట్టుకుని, “ఇంత రాత్రి పిల్లను వెంటబెట్టుకుని ఎక్కడ తిరుగుతామండీ, ఇచ్చెయ్యండి” అంది. బేరమాడితే గదికి 1,900, మూడో పరుపుకు 200 దగ్గర తెగింది. బిల్లు అడిగితే అచ్చు బిల్లు ఇవ్వకుండా చీటీ మీద బాల్‌పెన్నుతో అంకె రాసి ఇచ్చాడు. ఆ చీటీని పారేయకుండా ఫోటో తీసి పెట్టుకోవడం ఒక్కటే ఆ రాత్రి నేను చేసిన తెలివైన పని.

గది సంగతికి వస్తే, పరుపు మీద దుప్పటికి ఒక మూల నీలి సిరాతో వేరే ఊరి లాడ్జి ముద్ర ఉంది. వేడి నీళ్ళ గీజరు గోడకు వేలాడుతోందే గానీ దానికి కరెంటు తీగే లేదు. పొద్దున ఏడు నుంచి ఎనిమిది దాకా బకెట్టుతో తెచ్చి ఇస్తామన్నారు, బకెట్టుకు 30 రూపాయలు. కిటికీ అవతల ఫంక్షన్ హాలు. మాఘమాసం పెళ్ళిళ్ళు జోరుగా ఉన్న రోజులు కాబట్టి రాత్రి ఒంటిగంట దాకా డీజే మోత ఆగలేదు. మా అమ్మాయి మాత్రం మూడో పాట దగ్గర లేచి కూర్చుని, రేపటి కచేరీలో ఈ పాట కూడా ఉంటుందని ఉత్సాహంగా చెప్పింది. ఆ అర్ధరాత్రి ఆ గదిలో సంతోషంగా ఉన్న ప్రాణి అదొక్కతే.

అయిదింటికి లేవాలనుకున్నవాళ్ళం ఏడున్నరకు లేచాం. బకెట్టు కోసం ఎదురుచూసి, టిఫిను చేసి, కోట గుమ్మం దగ్గరికి చేరేసరికి పదిన్నర. రాతి గుట్ట ఎక్కడానికి ఇది వేళ కాదు. ఈ ఒక్క కారణంగానే ఆ లాడ్జి మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు.

ఏకశిల అన్న పేరు మా ఓరుగల్లుది గానీ, ఆ పేరుకు తగిన రాయి మాత్రం భువనగిరిదే. దూరం నుంచి బోర్లించిన గుడ్డులా కనిపించే ఆ ఒంటి రాతి గుట్ట అయిదు వందల అడుగుల పైచిలుకు ఎత్తు ఉంటుంది. పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల ఆరో విక్రమాదిత్యుడు కట్టించిన కోట కాబట్టి ఆయన బిరుదు మీదుగానే త్రిభువనగిరి, ఆ తర్వాత భువనగిరి అయిందని చెబుతారు. చాళుక్యుల తర్వాత కాకతీయులు, ఆ పైన గోల్కొండ నవాబులు ఈ గుట్టను చేతిలో పెట్టుకున్నారు. పద్దెనిమిదో శతాబ్దపు తొలి ఏళ్ళలో తిరుగుబాటు నాయకుడు సర్వాయి పాపన్న దీని మీద విరుచుకుపడ్డాడు. ఆయన కోట కట్టుకున్న ఖిలాషాపూర్ ముందు రోజు మేము వచ్చిన రహదారికి కాస్త లోపల, రఘునాథపల్లి పక్కనే ఉంది.

ముగ్గురి టికెట్లు, కారు పార్కింగు కలిపి వంద నోటు లోపే అయిపోయాయి. మొదటి భాగం సులువు. బండల మధ్య మెలికలు తిరుగుతూ, దర్వాజాల కింద నుంచి పోయే మెట్లు, మధ్యమధ్య నీడ. అసలు పరీక్ష ఆ మెట్లు దాటాక మొదలవుతుంది. అక్కడి నుంచి నీడ అన్నది లేదు. నున్నటి రాయి మీద తొలిచిన మెట్లు, పక్కన ఇనుప కమ్మీలు. పదకొండు గంటల ఎండకు ఆ కమ్మీ ఎంత కాలిందంటే మా ఆవిడ కొంగును చేతికి చుట్టుకుని పట్టుకోవలసి వచ్చింది. ఆవిడ మాత్రం ఎక్కడా ఆగలేదు. నేను ప్రతి ఇరవై మెట్లకూ చరిత్ర చెప్పే వంకతో నిలబడుతుంటే, అది గమనించిన మా అమ్మాయి, “బాపూ, చాళుక్యులు అయిపోయిండ్రు, ఇంకెవరన్నా ఉన్నరా?” అని అడిగింది.

ఉన్నారని చెప్పాను. ఈ రాళ్ళ మీదే శిక్షణ పొందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా కుర్రవాడు ఆనంద్‌కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. గురుకుల పాఠశాలలో చదివే పేదింటి పిల్లలకు హిమాలయాలకు ముందు బడి ఈ గుట్టే. ఆ మాట విన్నాక మా అమ్మాయి ఎగతాళి మానేసి కాసేపు నిశ్శబ్దంగా ఎక్కింది.

పైన, కోట కొసనున్న బాలా హిసారు భవనం కమానుల కింద మాత్రం గాలి ఆగకుండా వీస్తుంది. అరగంట అక్కడే చేరగిలబడ్డాం. కింద పట్టణం, రైలు కట్ట, చెరువు, పొలాలు అన్నీ చాప పరిచినట్టు కనిపిస్తాయి. గోడల నిండా ప్రేమికుల పేర్లు చెక్కి ఉన్నాయి. చెత్తకుండీ ఒకటి నిండి పొర్లుతోంది. రోప్‌వే వేస్తారన్న మాట ఎంతోకాలంగా వినిపిస్తూనే ఉంది. అది వచ్చే లోపు పైన తాగునీళ్ళు, ఒక మరుగుదొడ్డి ఏర్పాటు చేస్తే ఆడవాళ్ళు దీవిస్తారు. వెళ్ళేవాళ్ళకు నా సలహా ఒకటే. మనిషికి లీటరున్నర నీళ్ళు మోసుకెళ్ళండి, జారని బూట్లు వేసుకోండి, మోకాళ్ళు నొప్పులున్నవాళ్ళు ఎక్కడానికి కాదు, దిగడానికి భయపడండి. దిగేటప్పుడు నేను రెండు చోట్ల కూర్చుని జరగవలసి వచ్చింది, అది కూడా చెప్పేస్తున్నాను.

దిగాక తిన్న భోజనం మాత్రం నా లెక్కలో ఈ యాత్రకే తలమానికం. బస్టాండు వైపు ఒక సందులో, బల్లలు నాలుగే ఉన్న ఒక మెస్. శనివారం కాబట్టి మా ఆవిడ నీసు ముట్టదు. ఏముందని అడిగితే వడ్డించే ఆవిడ, “జొన్న రొట్టె, పచ్చిపులుసు, బీరకాయ ఉన్నయమ్మా, కూసోండి” అంది. పచ్చిపులుసు అంటే చింతపండు నీళ్ళలో ఉల్లిపాయ ముక్కలు వేసి ఇవ్వడమే అనుకునే హోటళ్ళు ఎక్కువైపోయాయి. ఇక్కడ అలా కాదు. పచ్చిమిరపకాయలను మంట మీద నల్లమచ్చలు పడేదాకా కాల్చి, ఉప్పుతో కలిపి చేత్తోనే నలిపి, నువ్వులు వేయించి దంచిన పొడి కలిపి, ఉల్లిపాయను పిండి వేశారు. పులుసు మీద నువ్వుల నూనె చుక్కలు తేలుతున్నాయి, కాల్చిన మిరపకాయ పొగ వాసన గిన్నె దగ్గరికి రాగానే తెలుస్తోంది. పెనం మీద నుంచి నేరుగా విస్తట్లోకి వచ్చిన రొట్టెను తుంచి అందులో ముంచుకుని తింటే, ముందు రాత్రి మేనేజరును కూడా క్షమించవచ్చు అనిపించింది, ఆ అయిదు నిమిషాల వరకు. ఆరు రొట్టెలు, అన్నం, కూర, రెండోసారీ మూడోసారీ పోసిన పులుసు అన్నీ కలిపి 270 రూపాయలు. మా ఆవిడ లోపలికి వెళ్ళి నువ్వులు ఎన్ని వేస్తారో అడిగి తెలుసుకుని వచ్చింది. ఇంటికొచ్చాక రెండుసార్లు చేసింది గానీ, గ్యాసు పొయ్యి మీద ఆ పొగ వాసన రాలేదు.

హైదరాబాదులో తార్నాకలో మా తోడల్లుడి ఇంటికి మూడున్నరకు చేరి స్నానాలు చేశాం. అమ్మాయి తయారై, వాళ్ళ పెద్దమ్మ చేత జడలో పూలు కూడా పెట్టించుకుంది. సరిగ్గా నాలుగుంబావుకు ఫోనులో సందేశం వచ్చింది. అనివార్య కారణాల వల్ల నేటి కచేరీ వాయిదా పడిందనీ, కొత్త తేదీ త్వరలో తెలియజేస్తామనీ. ఆకాశం నిర్మలంగా ఉంది, వాన లేదు, గాలి లేదు, ఊళ్ళో గొడవా లేదు. ఆ అనివార్యమైన కారణమేమిటో ఈనాటికీ ఎవరూ చెప్పలేదు.

లెక్క చెబుతాను. టికెట్టు ఒక్కింటికి 1,499 చొప్పున మూడు, 4,497. సౌకర్య రుసుము అన్న పేరుతో టికెట్టుకు 150 చొప్పున 450. ఆ రుసుము మీద పద్దెనిమిది శాతం పన్ను 81. మొత్తం 5,028. డబ్బు వెనక్కి కావాలా, కొత్త తేదీకి టికెట్టు ఉంచుకోవాలా అన్నది నలభై ఎనిమిది గంటల్లో తేల్చమన్నారు, అది కూడా కొత్త తేదీ ఏమిటో చెప్పకుండానే. వెనక్కి కావాలంటే 4,497 మాత్రమే వస్తుంది, 531 పోయినట్టే. కచేరీ వాళ్ళే ఆపుకున్నారు, మాకు సౌకర్యమేమీ జరగలేదు, అయినా సౌకర్య రుసుము మాత్రం వాళ్ళదే. హనుమకొండలో మా చిన్నప్పుడు నాటకం ఆగిపోతే టికెట్టు చించి ఇచ్చినవాడే కిటికీ దగ్గర నిలబడి మొత్తం పైసలు లెక్కపెట్టి ఇచ్చేవాడు, తిట్లు కూడా నోరెత్తకుండా తినేవాడు. ఇప్పుడు తిట్టడానికి ఎదురుగా మనిషైనా లేడు.

అమ్మాయి ఏడవలేదు. పూలు తీసి బల్ల మీద పెట్టి, గదిలోకి వెళ్ళి పడుకుంది. వాళ్ళ పెద్దమ్మ ట్యాంకుబండుకు తీసుకెళతానన్నా రాలేదు. రాత్రి భోజనం దగ్గర ఆ పిల్ల అన్న మాట ఒక్కటే, “రేపటి సినిమాకు నేను రాను.”

ఆదివారం వచ్చింది. వాళ్ళ అమ్మ ఏం చెప్పిందో తెలియదు గానీ వచ్చింది, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో.

సినిమాకు మనిషికి వంద రూపాయల విరాళం, గుమ్మం దగ్గరే చేతికి ఇవ్వడం. అక్కడ సౌకర్య రుసుము లేదు, నిజానికి సౌకర్యమూ పెద్దగా లేదు. ప్లాస్టిక్ కుర్చీలు, నాలుగు ఫ్యాన్లు, వాటిలో ఒకటి తిరగదు. డెబ్బై మంది దాకా వచ్చారు. సగం మంది నెరిసిన తలలు, మిగతా సగం విశ్వవిద్యాలయం పిల్లలు. చెప్పిన సమయానికి ఇరవై నిమిషాలు ఆలస్యంగా మొదలుపెట్టారు, ఒక పెద్దాయన ప్రారంభోపన్యాసం అంతకు మించి సాగింది. సినిమా చూడడానికి వచ్చినవాళ్ళకు సినిమా కథ మొత్తం ముందే చెప్పే అలవాటును మన సభాధ్యక్షులు ఎప్పుడు మానుకుంటారో.

కృష్ణ చందర్ ఉర్దూ నవల ఆధారంగా, బి. నరసింగరావు నిర్మాతగా, అప్పటికి యువకుడైన బెంగాలీ దర్శకుడు గౌతమ్ ఘోష్ తీసిన తొలి కథాచిత్రం ఇది. 1979 నాటిది. దొరకు వెట్టి చేసే కుటుంబంలో పుట్టిన రామయ్య ఊరు విడిచి పట్నం చేరి, కార్మికుల మధ్య రాజకీయం నేర్చుకుని, తిరిగి వచ్చి ఊరిని కూడగట్టడం కథ. నేను విద్యార్థిగా చూసినప్పుడు గద్దర్ పాడిన ‘బండెనక బండి గట్టి’కి ఈలలు వేసినవాణ్ణి. ఈసారి నన్ను కదిలించింది సుద్దాల హనుమంతు రాసిన ‘పల్లెటూరి పిల్లగాడా’. ఆ పాట మొదలవగానే ముందు వరుసలోని ముసలాయన ఒకరు భుజం మీది తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకుని, పెదవులు మాత్రమే కదుపుతూ చివరి దాకా పాడారు. శబ్దం రానివ్వలేదు. మా అమ్మాయి చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు ఎప్పుడు తీసిందో నేను చూడలేదు గానీ, ఆ పాట అయ్యేసరికి అవి ఒళ్ళో ఉన్నాయి.

సినిమాలో లోపాలు లేవని అనను. రెండో సగంలో మనుషులు మాట్లాడుకోవడం తగ్గి ఉపన్యాసాలు పెరుగుతాయి. మా అమ్మాయికి మాత్రం ఇంకో అభ్యంతరం వచ్చింది. రామయ్య ప్రేమించిన చంద్రి దొర బారిన పడితే అతడు ఆమెను కాదని వెళ్ళిపోతాడు కదా, “తప్పు దొరది, శిక్ష చంద్రికా?” అని నన్ను నిలదీసింది. ఈ ప్రశ్న పాతికేళ్ళ వయసులో నాకు తట్టనే లేదు. కానీ దొర గడి అరుగులు, పొలం గట్లు, ఆ మనుషుల నడక, భాష చూస్తుంటే తీసింది బెంగాలీ అని ఎవరూ అనుకోరు. తర్వాతి రోజుల్లో తెలంగాణ శకుంతలగా పేరుపొందిన నటి మొదట తెర మీద కనిపించింది కూడా ఇందులోనే.

తెర ఆరిపోయాక చర్చ పెట్టారు. 1948 సెప్టెంబరులో సైన్యం వచ్చి నిజాం పాలన పోయాక కూడా తెలంగాణ సాయుధ రైతాంగ పోరాటాన్ని 1951 అక్టోబరు దాకా లాగడం సరైనదా, విరమించడం సరైనదా అని ఇద్దరు వృద్ధులు ఎంత ఆవేశంగా వాదించుకున్నారంటే, అది నిన్ననే జరిగిందా అనిపించింది. నిర్వాహకుడు మధ్యలో చాయ తెప్పించి చల్లబరిచాడు.

తిరుగు దారిలో చీకటి పడుతుండగా భువనగిరి గుట్ట మళ్ళీ కనిపించింది. 1944లో నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ళ సంస్థ ఆంధ్ర మహాసభ పదకొండో మహాసభ జరిగిన ఊరు ఇది. కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డి అధ్యక్షుడయ్యారు, మితవాదులు విడిపోయారు, పోరాటానికి బీజం పడింది అక్కడే. ఆయన సొంతూరు బొల్లేపల్లి ఈ పక్కనే. 1952 ఎన్నికల్లో నల్లగొండ నుంచి లోక్‌సభకు నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచిన మనిషి. ముందు రోజు గుట్ట మీద నిలబడి చాళుక్యుల నుంచి మొదలుపెట్టిన నేను, కింద కనబడుతున్న ఊరి గురించి ఈ ముక్క చెప్పడమే మరిచిపోయాను. జనగామ దగ్గర సూర్యాపేట వైపు చీలే దారిని చూపించి, దొడ్డి కొమరయ్య 1946 జూలై 4న దొర మనుషుల తూటాలకు నేలకొరిగిన కడవెండి ఆ వైపే ఉందని చెబితే, అమ్మాయి కారు అద్దం దించి చూసింది. చీకట్లో కనిపించేదేమీ లేదు, ఒక పెట్రోలు బంకు తప్ప.

డబ్బు సంగతి ముగించాలి. లాడ్జి తాలూకు 1,386 రూపాయలను యాప్ వాళ్ళు మొదట నగదుగా కాక, నెల రోజుల్లో వాళ్ళ దగ్గరే ఖర్చు పెట్టుకోవలసిన పాయింట్లుగా ఇచ్చారు. జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేసి, చీటీ ఫోటో జతపరిచి ఫిర్యాదు నమోదు చేయించాక పదకొండో రోజున బ్యాంకు ఖాతాలో పడ్డాయి. ఆ నంబరును రాసి పెట్టుకోండి. రెండోసారి కట్టిన 2,100 మాత్రం లాడ్జి పెద్దమనిషి జేబులోనే ఉన్నాయి. కచేరీ 4,497 తొమ్మిది రోజులకు వచ్చింది, 531 రాలేదు.

మొన్న కచేరీ కొత్త తేదీ ప్రకటించారు. అదే టికెట్టు ఇప్పుడు 1,799. అమ్మాయి నన్ను ఇంకా అడగలేదు గానీ, తన ఫోనులో ఆ పేజీ తెరిచి ఉండడం నేను చూశాను. మా ఆవిడ మాత్రం ఉగాదిలోపే మళ్ళీ గుట్ట ఎక్కుదామంటోంది. ఈసారి ఎక్కడా దిగేది లేదట, తెల్లవారుజామున మూడున్నరకే ఇంట్లోంచి బయలుదేరాలట, పగటి భోజనం ఆ మెస్‌లోనేనట.